రొయ్యల చెరువు సెన్సార్‌కు రీసెర్చ్ గ్రాంటు అడిగితే 'కొత్తదనం లేదు' అన్నారు. చిన్న యూనిట్లకు అసలు ఇస్తారా?

గట్టుమీద_కరెంటు
భీమవరం దగ్గర చిన్న యూనిట్ మాది. తొమ్మిదేళ్లుగా ఏరియేటర్లకు (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) స్టార్టర్ ప్యానెళ్లు, కంట్రోలర్లు చేస్తున్నాం. పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్, ఉద్యం (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషన్ ఉంది. చెరువు నీళ్లలో కరిగిన ఆక్సిజన్ (మా వైపు డీవో అంటారు) ఎంతుందో చూసి ఏరియేటర్లని దానంతటదే వేసి ఆపే పెట్టె ఒకటి తయారు చేశాం. పెట్టె మాదే, నీళ్లలో దించి కొలిచే ప్రోబ్ మాత్రం దిగుమతిది. సొంత ప్రోబ్ మీద పని చేద్దామని కేంద్ర ప్రభుత్వ పథకం ఒకదానికి దరఖాస్తు పెట్టాం. బొమ్మలు, లెక్కలు, ఆడిట్ కాగితాలు అన్నీ కలిపి పెద్ద కట్టే అయింది. నెలల తర్వాత 'ప్రతిపాదనలో కొత్తదనం స్పష్టంగా లేదు' అని ఒక్క లైను మెయిల్ వచ్చింది. ఎందుకో అడుగుదామంటే ఫోన్ ఎత్తే నాథుడు లేడు.

ఈ గ్రాంట్లు మనలాంటి షెడ్డు కంపెనీలకి నిజంగా ఇస్తారా? లేక ఐఐటీ కాంపౌండ్ లోపల ఉన్నవాళ్లకేనా? తెలిసినవాళ్లు చెప్పండి. మళ్లీ పెట్టాలా వద్దా అని పార్ట్‌నర్‌తో రోజూ గొడవే.

పైసా_వసూల్
రెండోదే కరెక్ట్. కాంపౌండ్ లోపలివాళ్లకే. థ్రెడ్ మూసేయొచ్చు.

సోల్డరింగ్_సుబ్బు
ఆగండి పైసా గారూ, తీర్పు తర్వాత. అన్నా, మీ ప్రతిపాదనకి టైటిల్ ఏం పెట్టారు?

గట్టుమీద_కరెంటు
'రొయ్యల చెరువుల కోసం ఐవోటీ ఆధారిత స్మార్ట్ మానిటరింగ్ సిస్టమ్'. మొబైల్ యాప్ కూడా ఉందని రాశాం.

సోల్డరింగ్_సుబ్బు
ఐవోటీ, స్మార్ట్, యాప్. ఒకే లైన్లో మూడూ వేసేశారు 😀 ఆ కమిటీ ఆ వారంలో స్మార్ట్ చెరువులు, స్మార్ట్ పొలాలు, స్మార్ట్ కోళ్ల ఫారాలు ఎన్ని చూసిందో పాపం.

పాత_ఫైలు
ఒక పరిశోధన సంస్థలో పనిచేసి రిటైరయ్యాను. ఇలాంటి కమిటీల్లో చాలాకాలం కూర్చున్నాను కాబట్టి అవతలి వైపు సంగతి కొంచెం చెప్తాను.

పరిశోధన గ్రాంటు వస్తువు తయారు చేసుకోవడానికి ఇచ్చేది కాదు. దానికి బ్యాంకు ఉంది, సబ్సిడీ ఉంది. ఇది తెలియని సంగతి ఒకదాన్ని తేల్చడానికిచ్చే డబ్బు. కాబట్టి మేం కాగితంలో మొదట వెతికేది 'మీకు ఏం తెలియదు, దాన్ని ఎలా తేలుస్తారు' అన్నదే. చిన్న కంపెనీలు సరిగ్గా దీనికి ఎదురుగా రాస్తాయి. మాకు అన్నీ తెలుసు, అంతా సిద్ధంగా ఉంది, డబ్బిస్తే మార్కెట్లోకి దిగుతాం అంటాయి. అన్నీ తెలిస్తే పరిశోధన ఎందుకయ్యా అని మా అనుమానం. కస్టమర్ దగ్గర పనికొచ్చే మాట కమిటీ దగ్గర ఎదురు తిరుగుతుంది.

ఐఐటీ సంగతి. వాళ్లకి ఎక్కువ వస్తాయన్నది నిజమే, నేను కాదనను. అందులో పలుకుబడి పాలు కొంత ఉండొచ్చు గానీ, పెద్ద కారణం వాళ్లకి ఇలా రాయడం రోజువారీ పని కావడం. పీహెచ్‌డీ అంటేనే ఐదేళ్లు ఒక ప్రశ్న పట్టుకుని వేలాడటం కదా.

గట్టుమీద_కరెంటు గారూ, ఒకటి చెప్పండి. దిగుమతి ప్రోబ్‌తో మీకొచ్చిన ఇబ్బంది ధరేనా, ఇంకేమైనానా?

గట్టుమీద_కరెంటు
ధర ఒకటి. అసలు తలనొప్పి వేరే సార్. చెరువులో దించిన కొద్ది రోజులకే ప్రోబ్ మూతి మీద జిగురు పొర కడుతుంది. వేలితో తాకితే జారుతుంది, దాని మీదే నాచు పడుతుంది. ఆ పొరలో ఉన్న సూక్ష్మజీవులు అక్కడి ఆక్సిజన్‌ని అవే పీల్చేస్తాయి. చెరువులో లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే ప్రోబ్ 3 చూపిస్తుంది. 4 కంటే తగ్గితే ఏరియేటర్ వేయమని మేం సెట్ చేసి పెడతాం కాబట్టి అవసరం లేకపోయినా తెల్లార్లూ తిరుగుతూనే ఉంటాయి. కరెంటు బిల్లు చూసి రైతు మమ్మల్ని తిడతాడు. ఎండ బాగా ఉన్నప్పుడు ఒక్కోసారి నాచు వల్ల రీడింగ్ ఉన్నదానికంటే ఎక్కువ కూడా వస్తుంది, అది ఇంకా ప్రమాదం. రోజూ మెత్తటి గుడ్డతో తుడవమంటాం. కుర్రాళ్లు భుజం మీది తువాలుతో బరబరా రుద్దేస్తారు, పైనున్న మెంబ్రేన్ చిరుగుతుంది.

సోల్డరింగ్_సుబ్బు
ఇది మీ దరఖాస్తులో ఎన్నో పేజీలో ఉంది?

గట్టుమీద_కరెంటు
సమస్యలు అనే హెడింగ్ కింద రెండు లైన్లు ఉంది. యాప్ స్క్రీన్‌షాట్లకే చాలా పేజీలు పోయాయి, కన్సల్టెంట్ అలా పెట్టమన్నాడు.

పాత_ఫైలు
మీ ప్రాజెక్టు ఆ రెండు లైన్లే. మిగతాదంతా మీ కంపెనీ బ్రోచర్.

'ఉప్పునీటి రొయ్యల చెరువులో డీవో ప్రోబ్ మీద జీవపొర కట్టకుండా, లేదా కట్టినా రీడింగ్ తప్పకుండా, ఎన్ని రోజులు నిలబెట్టగలం?' ఇదీ ప్రశ్న. ప్రపంచంలో దీనికి కొన్ని దారులు తెలుసు. తుడిచే బ్రష్, రాగి కవచం, అతినీలలోహిత కాంతి, రకరకాల పూతలు. వాటిలో చాలావరకు సముద్రం కోసమో మంచినీటి కోసమో చేసినవి. మేత, మేతలోని నూనె, ప్రోబయోటిక్స్, సున్నం పడే చెరువులో ఏది నిలుస్తుందో, చవకగా చేస్తే ఎంతకాలం నిలుస్తుందో మీరు తేల్చాలి. కొత్తదనం అంటే అదే. ఆకాశం నుంచి ఊడిపడక్కర్లేదు.

ఎలా తేలుస్తారన్నది కూడా రాయండి. ఒకే చెరువులో ఒకే లోతులో మూడు ప్రోబ్‌లు పెట్టండి. ఒకటి రోజూ జాగ్రత్తగా తుడిచేది, ఒకటి ముట్టుకోనిది, ఒకటి మీ పూత వేసినది. నిజమైన విలువ కోసం నీళ్లు సీసాలో పట్టి వింక్లర్ టైట్రేషన్ (రసాయనాలతో ఆక్సిజన్ కొలవడం) చేయండి. 1888 నాటి పద్ధతి, ఇవాళ్టికీ కమిటీలో ఎవరూ దానికి వంక పెట్టరు. '30 రోజుల పాటు లీటరుకు అర మిల్లీగ్రాము లోపు తేడాతో నిలబడితే నెగ్గినట్టు' అని మీరే ముందుగా గీత గీయండి. గీత గీసినవాడిని కమిటీ నమ్ముతుంది.

మార్జిన్_మల్లి
సార్ చెప్పింది బానే ఉంది గానీ నేను వేరే మాట చెప్తాను. గ్రాంటు వెంట పడితే వ్యాపారం పడుకుంటుంది. మాది ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్. మాకూ ఒకప్పుడు గ్రాంటు వచ్చింది, ఏ పథకమో చెప్పను. మొదటి విడత వచ్చింది, పని చేశాం, రిపోర్టు ఇచ్చాం, రెండో విడత కోసం కళ్లు కాయలు కాచాయి. ఈలోగా పెట్టుకున్న ఇంజినీర్లకి జీతాలు నా ఓవర్‌డ్రాఫ్ట్ నుంచే. అదే టైములో నలుగురు కస్టమర్ల దగ్గర అడ్వాన్స్ పట్టుకుని ఉంటే నయం.

సోల్డరింగ్_సుబ్బు
మల్లి గారూ, మీ కస్టమర్ అడ్వాన్స్ ఇచ్చేది పనిచేసే వస్తువుకి. ఈయన పూత పనిచేస్తుందో లేదో ఈయనకే తెలియదు. దానికి ఏ రైతు అడ్వాన్స్ ఇస్తాడు చెప్పండి?

మార్జిన్_మల్లి
అది ఒప్పుకుంటా. కానీ విడత ఆలస్యమైనా ఆరు నెలలు తట్టుకునే డబ్బు చేతిలో లేకపోతే మాత్రం దిగొద్దు. ఇది ఎవరూ ముందు చెప్పరు.

లెక్కల_మాస్టారు
సీఏని. ఈ మాట నేను మా క్లయింట్లకి ముందే చెప్తాను, ఎవరూ వినరు 🙂 గ్రాంటు వచ్చాక జరిగే తతంగం కూడా తెలుసుకోండి.

డబ్బు ఒకేసారి రాదు. మైల్‌స్టోన్ల ప్రకారం విడతలుగా వస్తుంది. తర్వాతి విడత కావాలంటే ముందు విడతకి యూసీ, అంటే వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి. అది లేకుండా ఫైలు కదలదు. గ్రాంటుకి విడిగా బ్యాంకు ఖాతా పెట్టుకోండి. వ్యాపారం డబ్బుతో కలిపారా, ఏ రూపాయి దేనిదో తేల్చలేక నేనూ మీరూ కలిసి జుట్టు పీక్కోవాలి.

ఆ ఖాతాలో పడ్డ వడ్డీ మీది కాదు. 2017 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో 230వ నియమం చూడండి. గ్రాంటు మీద వచ్చిన వడ్డీని ప్రభుత్వ సంచిత నిధికి తిరిగి కట్టాలి. గ్రాంటుతో కొన్న పరికరాన్ని అనుమతి లేకుండా అమ్మకూడదు. ఓ క్లయింటు గ్రాంటుతో కొన్న ఆసిలోస్కోప్‌ని ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేసి కొత్తది తెచ్చుకున్నాడు. ఆడిట్ అప్పుడు పాతదాని సీరియల్ నంబరు అడిగారు. మిగతాది మీరే ఊహించుకోండి.

బడ్జెట్ హెడ్లు కూడా ముఖ్యం. మ్యాన్‌పవర్ కింద ఇచ్చింది పరికరాలకి వాడాలంటే ముందు రాసి అనుమతి తీసుకోవాలి. ఖర్చు పెట్టేశాక అడిగితే ఆ ఖర్చు మీ నెత్తినే.

పైసా_వసూల్
గ్రాంటు మీద ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కదా? ఉచితంగా వచ్చిన డబ్బే కదా.

లెక్కల_మాస్టారు
అదొక అపోహ. 2015 ఫైనాన్స్ చట్టం నుంచి ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ, గ్రాంటు ఆదాయం నిర్వచనంలోకి వచ్చాయి. ఆస్తి కొనుగోలు విలువలోంచి తగ్గించి చూపేదైతే వేరే సంగతి. చేసిన ఖర్చు ఖర్చుగా ఎలాగూ చూపిస్తారు కాబట్టి చాలామందికి పన్ను పెద్దగా పడదు. కానీ మార్చిలో డబ్బు వచ్చి ఏప్రిల్‌లో ఖర్చయితే సంవత్సరం దాటిపోతుంది, అక్కడ ఇరుక్కుంటారు. విడత రాగానే మీ సీఏతో మాట్లాడండి, రిటర్ను వేసేటప్పుడు కాదు.

ఇంక్యు_బేబీ
నేను ఒక ఇంక్యుబేటర్‌లో (కొత్త కంపెనీలకి చేయూతనిచ్చే సంస్థ) పనిచేస్తాను, రోజూ ఈ దరఖాస్తులతోనే. గట్టుమీద అన్నా, మీకు ఏ తలుపు తెరుచుకుంటుందో చూద్దాం. మీ కంపెనీ వయసు తొమ్మిదేళ్లు కావడంతో కొన్ని అక్కడే మూసుకుపోయాయి.

అందరూ మొదట చెప్పేది స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్. 2021లో 945 కోట్లతో మొదలైంది. ప్రూఫ్ ఆఫ్ కాన్సెప్ట్‌కి 20 లక్షల దాకా గ్రాంటు, మార్కెట్లోకి వెళ్లడానికి 50 లక్షల దాకా అప్పు లాంటి సాయం. కానీ దరఖాస్తు నాటికి కంపెనీ పుట్టి రెండేళ్లు దాటకూడదు. మీది అయిపోయింది.

కేంద్ర ప్రభుత్వ బయోటెక్ సంస్థ బైరాక్ వాళ్ల బిగ్ గ్రాంటు 50 లక్షల దాకా, 18 నెలలకి. ఏటా జనవరి 1న, జూలై 1న పిలుపు వస్తుంది. హైదరాబాద్‌లో ఐకేపీ నాలెడ్జ్ పార్క్ దానికి భాగస్వామి. అది బయోటెక్‌కి, పైగా వయసు ఐదేళ్ల లోపే ఉండాలి. జీవపొర పేరు చెప్పి దూరొచ్చు గానీ వయసు దగ్గర ఆగిపోతారు.

మీకు సరిపడేవి రెండు మూడు కనిపిస్తున్నాయి. ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) ఇన్నోవేటివ్ పథకం ఉంది, 2022లో వచ్చింది. గుర్తింపు పొందిన హోస్ట్ సంస్థ, ఎక్కువగా ఇంజినీరింగ్ కాలేజీలు, ద్వారా ఐడియాకి 15 లక్షల దాకా ఇస్తారు. ఉద్యం ఉన్న యూనిట్లు పెట్టుకోవచ్చు. కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన శాఖ డీఎస్‌ఐఆర్ వాళ్ల ప్రిజమ్ పథకం పేరులోనే వ్యక్తులు, స్టార్టప్‌లు, ఎంఎస్‌ఎంఈలు అని ఉంది, అదీ చూడండి. ఇంకా కాస్త ముదిరాక, అంటే వస్తువు పనిచేస్తుందని తేలి పెద్ద ఎత్తున చేయాలనుకున్నప్పుడు, టీడీబీ (కేంద్ర టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు). కానీ అది అప్పు.

ఏది పెట్టినా ముందు వెబ్‌సైట్‌లో ఆ పిలుపు ఇప్పుడు తెరిచి ఉందో లేదో చూసుకోండి. మూసేసిన పిలుపుకి రాత్రంతా కూర్చుని దరఖాస్తు నింపినవాళ్లని చూశాను.

కొత్తబోర్డు
సింపుల్ కదా. భార్య పేరు మీద కొత్త ప్రైవేట్ లిమిటెడ్ పెట్టేయండి. రెండేళ్ల రూల్‌కి సరిపోతుంది.

ఇంక్యు_బేబీ
ఈ సలహా వస్తుందని ఎదురుచూస్తూనే ఉన్నా. ఉన్న వ్యాపారాన్ని చీల్చిగానీ మార్చిగానీ పెట్టిన కంపెనీని స్టార్టప్‌గా గుర్తించరు. అదే షెడ్డు, అదే మనుషులు, అదే వస్తువు, బోర్డు మాత్రం కొత్తదైతే ప్రెజెంటేషన్‌లో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. ప్యానెళ్ల వ్యాపారానికి సంబంధం లేని సెన్సార్ కంపెనీని నిజంగా వేరే మనుషులతో, వేరే పెట్టుబడితో పెడితే అది వేరే కథ. ఇంకొకటి, డీపీఐఐటీ (స్టార్టప్‌లని గుర్తించే కేంద్ర శాఖ) గుర్తింపుకి ప్రైవేట్ లిమిటెడ్డే కానక్కర్లేదు. రిజిస్టరైన పార్ట్‌నర్‌షిప్, ఎల్‌ఎల్‌పీ కూడా పనికొస్తాయి.

కొత్తబోర్డు
అందరూ చేస్తున్నదే చెప్పా.

లెక్కల_మాస్టారు
అందరూ చేస్తున్నదే నేను తర్వాత సరిదిద్దుతున్నా.

పైసా_వసూల్
ఇవన్నీ చిల్లర. లక్ష కోట్ల నిధి వచ్చింది కదా రీసెర్చ్‌కి! పేపర్లో చదివా. అందులోంచి ఓ 50 లక్షలు మన భీమవరానికి రాకపోతాయా.

పాత_ఫైలు
ఆర్‌డీఐ (రీసెర్చ్, డెవలప్‌మెంట్, ఇన్నోవేషన్) నిధి గురించి అంటున్నారు. 2025 జూలై 1న కేబినెట్ ఆమోదించింది, నవంబరు 3న మొదలుపెట్టారు. మొత్తం లక్ష కోట్లే, నిజమే. కానీ అందులోంచి చిన్న యూనిట్‌కి నేరుగా గ్రాంటు రాదు. తక్కువ వడ్డీకో వడ్డీ లేకుండానో దీర్ఘకాలపు అప్పు, లేదా వాటా పెట్టుబడి, అదీ మధ్యలో ఉండే నిధి నిర్వాహకుల ద్వారా. సాంకేతిక పరిపక్వత కనీసం 4వ మెట్టులో ఉండాలి. ప్రయోగశాలలో పనిచేస్తుందని చూపించిన మెట్టన్నమాట. ఈయన ప్రశ్న ఇంకా 3 దగ్గర ఉంది.

పైసా_వసూల్
అప్పా! మరి పేపర్లో పెద్ద అక్షరాల్లో వేశారే.

విశాఖ_అల
అప్పు అనగానే మొహం తిప్పుకోవద్దు. టీడీబీ 1996లో మొదలైంది. ప్రాజెక్టు ఖర్చులో సగం దాకా 5 శాతం బారువడ్డీకి ఇస్తుంది. మన శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకాకి తొలిరోజుల్లో డబ్బిచ్చినవాళ్లలో టీడీబీ ఒకటి. 1997లో ఆ టీకా వచ్చాకే విదేశీ టీకా ధరలు నేల మీదికి దిగాయి. గ్రాంటే గొప్ప, అప్పు తక్కువ అని ఏం లేదు.

పాత_ఫైలు
టీడీబీకి డబ్బు ఎక్కడిదో తెలుసా? విదేశీ టెక్నాలజీ కొనుక్కునే కంపెనీలు చెల్లించేదాని మీద 5 శాతం సెస్ ఉండేది, 1986 చట్టం. బయట కొనేవాడి దగ్గర తీసి ఇక్కడ చేసేవాడికి ఇవ్వడం. 2017లో ఆ సెస్ ఎత్తేశారు. ఆ ఆలోచన నాకు ఇప్పటికీ నచ్చుతుంది. సరే, దారి తప్పాను.

డాలస్_బాబాయ్
ఇక్కడ అమెరికాలో దీనికి చట్టమే ఉంది, 1982 నుంచి. ఎస్‌బీఐఆర్ అంటారు. బయటి పరిశోధనకి ఏటా 10 కోట్ల డాలర్లకి మించి ఖర్చుపెట్టే ప్రతి కేంద్ర ప్రభుత్వ శాఖ అందులో 3.2 శాతం చిన్న కంపెనీలకి పక్కన పెట్టాలి. ఇస్తారా ఇవ్వరా అన్నది అధికారి దయ కాదు, శాఖ బాధ్యత. మన దగ్గర పథకాలు ఉన్నాయిగానీ అలాంటి వాటా లేదు.

మార్జిన్_మల్లి
బాబాయ్, అక్కడంతా తేనె పారుతోందా?

డాలస్_బాబాయ్
లేదు అమ్మాయ్. చట్టానికి గడువు ఉంటుంది. 2025 సెప్టెంబరు 30న గడువు తీరిపోతే పొడిగించలేదు, కొత్త అవార్డులు ఆగిపోయి చిన్న కంపెనీలు విలవిల్లాడాయి. ఇంకో మెలిక, కంపెనీలో సగానికి పైగా వాటా పౌరులదో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లదో అయి ఉండాలి. హెచ్1బీ మీద ఉన్న మన కుర్రాళ్లకి బుర్ర ఉన్నా, వాటా చాలదు.

ఇంక్యు_బేబీ
మన డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ శాఖ) కూడా 2005లో ఎస్‌బీఐఆర్‌ఐ అని దగ్గర పేరుతోనే పథకం పెట్టింది బాబాయ్, చిన్న బయోటెక్ కంపెనీల కోసం. చట్టపు వాటా లేదన్నది మాత్రం నిజం.

విశాఖ_అల
అసలు సంగతికి వద్దాం. గట్టుమీద బ్రదర్, నీళ్లలో పెట్టిన ప్రతి వస్తువు మీదా జీవపొర కడుతుంది. ఓడల అడుగు, సముద్రంలో వేసిన సెన్సార్లు, అన్నింటికీ ఇదే గోల. ఐడెక్స్ జాబితాలు ఎప్పుడైనా చూశారా? రక్షణ శాఖది, 2018 నుంచి ఉంది. మనం ఐడియా పట్టుకెళ్లక్కర్లేదు, సైన్యం, నేవీ తమ సమస్యలు ప్రకటిస్తాయి. మామూలు ఛాలెంజ్‌కి 1.5 కోట్ల దాకా ఇస్తారు. నేవీ సమస్యల్లో మీ పూతకి దగ్గరగా ఏదైనా వస్తే చూడండి.

మార్జిన్_మల్లి
అందులో వాళ్లెంత ఇస్తే మనమూ అంత పెట్టాలి కదా?

విశాఖ_అల
అవును, మ్యాచింగ్ ఉంది. 1.5 కోట్లు చూసి ఎగిరే ముందు మన 1.5 కోట్లు ఎక్కడున్నాయో చూసుకోవాలి. ఇప్పుడే కాదు, తర్వాతి మెట్టుకి చెప్పా.

గట్టుమీద_కరెంటు
అందరికీ థ్యాంక్స్. ఇంత వివరం ఏ ఆఫీసులోనూ చెప్పలేదు. రెండు సందేహాలు. ఒకటి, మాలో పీహెచ్‌డీలు ఎవరూ లేరు. నేను డిప్లొమా, పార్ట్‌నర్ బీఎస్సీ. అది చూసే పక్కన పెడతారేమో. రెండు, మొన్న దరఖాస్తు రాసిపెట్టిన కన్సల్టెంట్ మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి ఢిల్లీలో మనవాళ్లున్నారు, వచ్చినదాంట్లో 10 శాతం ఇస్తే చాలు అంటున్నాడు.

సోల్డరింగ్_సుబ్బు
ఢిల్లీలో ఉన్న ఆ మనవాళ్లు మొన్న ఎక్కడికి పోయారట?

ఇంక్యు_బేబీ
10 శాతం ఏ బడ్జెట్ హెడ్ కింద చూపిస్తారో అతన్నే అడగండి. సీడ్ ఫండ్ నిబంధనల్లో అయితే ఇంక్యుబేటర్ కూడా దరఖాస్తుదారు దగ్గర ఏ రూపంలోనూ ఫీజు తీసుకోకూడదని ఉంది. రాయడానికి సాయం చేసినందుకు ముందే మాట్లాడుకున్న ఫీజు ఇస్తే తప్పులేదు, అది మీ జేబులోంచి. వచ్చినదాంట్లో వాటా అన్నవాడితో మాత్రం పెట్టుకోకండి.

లెక్కల_మాస్టారు
యూసీ మీద సంతకం పెట్టేది మీరు, నేను. అతను కాదు. అది గుర్తుంచుకోండి చాలు.

పాత_ఫైలు
పీహెచ్‌డీ గురించి. మీకు లేకపోతే ఉన్నవాళ్లని కలుపుకోండి. చెన్నైలో సీబా ఉంది, ఉప్పునీటి ఆక్వాకల్చర్ మీద కేంద్ర సంస్థ, మీ సబ్జెక్టుకి అంతకంటే దగ్గరి చోటు లేదు. రాష్ట్రంలోనే అయితే నెల్లూరు దగ్గర ముత్తుకూరు మత్స్య కళాశాల ఉంది, మీ జిల్లాలో మెటీరియల్స్ పాఠం చెప్పే కెమిస్ట్రీ లెక్చరర్లు ఉంటారు. పూత వాళ్లు చూస్తారు, చెరువు మీరు చూస్తారు. నిజం చెప్పాలంటే కమిటీలో నేను ఎక్కువ ఇష్టపడింది ఇలాంటి జతలనే. ఒట్టి ప్రొఫెసర్లు వస్తే, వాళ్ల ప్రోబ్‌ని తువాలుతో రుద్దే కుర్రాడి గురించి వాళ్లకి తెలియదు. మీకు తెలుసు.

ఒప్పందం మాత్రం కాగితం మీద పెట్టుకోండి. ఎవరు ఏ పని చేస్తారు, డబ్బు ఎవరి దగ్గరికి ఎంత వెళ్తుంది, పేటెంటు ఎవరి పేరు మీద. మూడోదాని దగ్గర స్నేహాలు చెడతాయి.

సోల్డరింగ్_సుబ్బు
పేటెంటు మాట వచ్చింది కాబట్టి, కాలేజీ సెమినార్‌లోనో, ఎగ్జిబిషన్‌లోనో, వాట్సాప్ గ్రూపులోనో పూత ఫార్ములా చూపించక ముందే ఫైల్ చేయండి. ముందే బయటపెడితే కొత్తదనం పోయిందనే ప్రమాదం ఉంది. ఉద్యం ఉంది కాబట్టి చిన్న సంస్థగా ఆన్‌లైన్ ఫైలింగ్ ఫీజు 1,600 రూపాయలే, పెద్ద కంపెనీలకి 8,000. ఏజెంట్ ఫీజు వేరు. మంజూరయ్యాక దేశీయ పేటెంటుకి లక్ష దాకా తిరిగి ఇచ్చే ఏర్పాటు ఇందాక చెప్పిన ఎంఎస్‌ఎంఈ ఇన్నోవేటివ్‌లోనే ఉంది.

గట్టుమీద_కరెంటు
రాత్రి కూర్చుని మొదటి పేరా మళ్లీ రాశా. చూసి తిట్టండి.

'ఉప్పునీటి రొయ్యల చెరువులో కరిగిన ఆక్సిజన్ ప్రోబ్ మీద కొద్ది రోజుల్లోనే జీవపొర ఏర్పడి రీడింగ్ అసలు కంటే తగ్గుతుంది. దీనివల్ల ఏరియేటర్లు అనవసరంగా నడుస్తాయి. సముద్ర సెన్సార్లకు వాడే రక్షణ పద్ధతులు మేత, ప్రోబయోటిక్స్ ఉన్న చెరువులో ఎంతకాలం పనిచేస్తాయో తెలియదు. మూడు రకాల పూతలను, ఒక యాంత్రిక బ్రష్‌ను వేర్వేరు ఉప్పుశాతాలున్న చెరువుల్లో పక్కపక్కన పరీక్షించి, 30 రోజుల పాటు లీటరుకు 0.5 మి.గ్రా. లోపు తేడాతో నిలిచేది ఏదో తేలుస్తాం.'

పాత_ఫైలు
బాగుంది. 'తెలియదు' అన్న మాట పెట్టారు, సంతోషం. రెండు మార్పులు. 'కొద్ది రోజుల్లో' అనకండి, మీ పాత ప్రోబ్‌ల లాగ్ ఉంటుంది కదా, ఎన్నో రోజుకి ఎంత తప్పిందో గ్రాఫ్ వేసి పెట్టండి. ఆ గ్రాఫ్ మీ దగ్గర తప్ప ఐఐటీలో ఉండదు. రెండు, ఏ పూతా నిలవకపోతే ఏం చేస్తారో కూడా ఒక లైను రాయండి. పొర వల్ల తగ్గినదాన్ని లెక్కగట్టి సాఫ్ట్‌వేర్‌లో సరిచేయడం కుదురుతుందేమో చూస్తామనండి. పని విఫలమైతే డబ్బు వెనక్కి అడుగుతారని భయపడకండి. నిజాయితీగా చేసి, ఖర్చు లెక్క చూపించి, ఫలితం రాలేదని రాస్తే అదీ ఫలితమే. తర్వాతి విడత ఆగొచ్చు, అంతే.

మార్జిన్_మల్లి
యాప్ స్క్రీన్‌షాట్లు తీసేశారా?

గట్టుమీద_కరెంటు
ఒక్కటి ఉంచా. పార్ట్‌నర్ ఊరుకోవడం లేదు.

పైసా_వసూల్
నేను మాత్రం ఇప్పటికీ కాంపౌండ్ లోపలివాళ్లకే అంటాను. వస్తే ఇక్కడ పోస్టు పెట్టండి, అప్పుడు మాట మార్చుకుంటా.

ఇంక్యు_బేబీ
గట్టుమీద అన్నా, హోస్ట్ సంస్థకి వెళ్లే ముందు ఉద్యం సర్టిఫికెట్‌లో మీ కార్యకలాపాల కోడ్ చూసుకోండి. ప్యానెళ్ల తయారీ ఒక్కటే ఉంటే కొలత పరికరాల తయారీ కూడా చేర్చండి. పోర్టల్‌లోనే సవరించుకోవచ్చు, ఉచితం. దీనికి కూడా డబ్బు అడిగేవాళ్లున్నారు, ఇవ్వకండి.

గట్టుమీద_కరెంటు
ఇప్పుడే చూశా, ప్యానెళ్లే ఉంది. ఈ పూటే మారుస్తా. పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లో కూడా పరిశోధన అన్న మాట ఉండాలా?

లెక్కల_మాస్టారు
డీడ్‌లో వ్యాపార ఉద్దేశాల దగ్గర చేరిస్తే మంచిది. సప్లిమెంటరీ డీడ్ రాసుకుంటే సరిపోతుంది, కొత్తది అక్కర్లేదు. స్టాంపు పేపరు మీద ఇద్దరూ సంతకాలు పెట్టి, ఫర్మ్ రిజిస్ట్రార్ దగ్గర మార్పు నమోదు చేయించండి. డ్రాఫ్టు మెసేజ్ చేయండి, చూసి చెప్తా.